లోవలక్ష్మి చెవినపడ్డ జబ్బు

లోవలక్ష్మి టైపు చేసి పంపిన ఫైల్లో ఖాళీలు కనబడటం మూడేళ్లలో అదే మొదటిసారి.

మా ఆఫీసు సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర, ఒక బట్టల షాపు పైన మూడో అంతస్తులో ఉండేది. అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూశాక, చూసిందంతా టెలిఫోన్‌లో చెప్పి రికార్డు చేసి పెట్టేస్తారు. మనకి తెల్లవారేసరికి ఆ గొంతులు మా కంప్యూటర్లలో ఉండేవి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డుని నడపడానికీ ఆపడానికీ కాలికింద పెడల్ నొక్కుతూ వదులుతూ, వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైపు చేసి సాయంత్రానికల్లా తిరిగి పంపడం మా పని. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనేవారు. 2004 నాటికి ఆ పని నేర్పుతామనే బోర్డు లేని వీధి ఊళ్లో లేదు. ఇరవై దాటిన పిల్లలు టైపు చేస్తే, నాలాంటి నలభై దాటినవాళ్లు మళ్లీ విని తప్పులు దిద్దేవాళ్లం. వినబడని మాట దగ్గర పిల్లలు గీత పెట్టి వదిలేస్తారు. ఆ గీతలు నింపడం నా ఉద్యోగం. పేరు ప్రేమమణి. ఆఫీసంతా ప్రేమక్క అనేవారు.

లోవలక్ష్మి గీతలు పెట్టే మనిషి కాదు. ఎంత ముక్కుతో మాట్లాడే డాక్టరునైనా పట్టేసేది. ఒక చెవి సరిగ్గా వినబడదని నాకు చాలాకాలం తెలియదు. రెండో చెవితోనే అందరికంటే బాగా వినేది.

ఆమె చేతుల గురించి మాత్రం మొదటిరోజే తెలిసింది. రెండు చేతుల నిండా పులిపిరికాయలు. వేళ్ల కణుపుల మీద, గోళ్ల చుట్టూ, అరచేతుల్లో, ఒకదానిమీద ఒకటి ఎక్కి క్యాలీఫ్లవర్ ముక్కల్లా ఉండేవి. పదిహేనేళ్లుగా కాల్పిస్తోంది. కాల్చినచోట నెల తిరక్కుండా మళ్లీ వచ్చేవి. ఎండాకాలం కూడా పొడుగుచేతుల జాకెట్టు, పలచటి నూలు గ్లౌజులు వేసుకునేది. ఒకసారి నాతో మోండా మార్కెట్‌కి వచ్చి, బెండకాయలు ఏరుతుంటే గ్లౌజు జారింది. అమ్మేమనిషి ఆ గంప మొత్తం వెనక్కి లాక్కుంది. లోవ పక్క గంప దగ్గరికి వెళ్లి, ఈసారి దూరంగా నిలబడి, “అరకిలో మీరే ఏరి ఇవ్వండి” అంది.

చేతులే కాదు, ఒంట్లో కూడా ఏదో ఒకటి ఉండేది. ఏటా రెండుసార్లు న్యుమోనియా. చెవిలో చీము. పన్ను పీకించుకుంటే పదిరోజులు మంచం. జ్వరం తగ్గగానే మళ్లీ కుర్చీలో కనబడేది. “కొందరి ఒళ్లు అంతే అక్కా” అనేది.

ఆగస్టులో ఒక మంగళవారం. ఆమె దగ్గరనుంచి నాకొచ్చిన ఫైలు పదకొండు నిమిషాలది. మొదటి అరపేజీ ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. తర్వాత ఒక గీత, రెండు గీతలు. ఆ తర్వాత మాటలే లేవు. ఒకటే అక్షరం, రెండు లైన్ల పొడుగునా పడి ఉంది. మీట మీద వేలు పెట్టి తీయడం మరిచిపోతే అలా పడుతుంది.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచి విన్నాను.

ఒక మగ డాక్టరు, నెమ్మదైన గొంతు. రోగి ఇరవై ఎనిమిదేళ్ల స్త్రీ అన్నాడు. చిన్నప్పటినుంచి చేతుల మీదా పాదాల మీదా లెక్కలేనన్ని పులిపిర్లు అన్నాడు. ఊపిరితిత్తులకి మళ్లీ మళ్లీ న్యుమోనియా, చెవుల్లో చీము, ఒక చెవి సగం వినబడదు. నా చేయి పెడల్ కోసం వెతికినట్టు బల్లమీద తడుముకుంది. పెడల్ ఉండేది కాలికింద. అతను చెబుతూనే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఈమె రక్తంలో తెల్లకణాలు చాలా తక్కువ. జబ్బు చేసినప్పుడు మాత్రం పెరిగి మామూలు మనిషి లెక్కలాగా కనబడతాయి. రక్తం ఎప్పుడూ జబ్బులో ఉన్నప్పుడే తీశారు కనక ఇన్నేళ్లు ఎవరికీ దొరకలేదు. ఎముక మజ్జ ఖాళీగా లేదు, కిక్కిరిసి ఉంది. నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఈ జబ్బుకి ‘విమ్’ అని పేరు. కీమోకైన్ రిసెప్టర్లలో ఒకదాని జన్యువు చెడటం వల్ల వస్తుందని నిరుడే తేలింది. ఇంటివాళ్లనందరినీ పరీక్షించాలి.

నేను లేచి చూశాను. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. మెట్లమీద, మంచినీళ్ల ఫిల్టర్ పక్కన కూర్చుని ఉంది. గ్లౌజులు తీసేసి ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులూ ఎవరివో అన్నట్టు చూస్తోంది.

“అక్కా, అది నేనే కదా?” అంది.

నేను రెండు మెట్లు దిగి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

“అమెరికాలో నన్ను ఎవరు చూశారక్కా?”

“నువ్వు కాదు లోవా. నీలాంటి ఇంకో అమ్మాయి.”

“నాలాంటి ఇంకో అమ్మాయి ఉందా?” అంది. ఇరవై ఏడేళ్ల మనిషి, అంతవరకు ఆ మాట ఒక్కసారైనా ఊహించలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది. నేను ఆమె పక్కనే మెట్టుమీద కూర్చున్నాను.

మా ఫ్లోర్ మేనేజర్ రాఘవేందర్ వచ్చాడు. చాలా ఖచ్చితమైన మనిషి. రోగుల వివరాలు బయటికి పోకూడదని మాచేత సంతకాలు పెట్టించుకున్నారు. పెన్నూ కాగితం లోపలికి తెస్తే ఉద్యోగం పోతుంది. అతనే రోజూ మా సంచులు వెతికేవాడు.

“ఏందమ్మా, ఫైల్ గిట్ల పంపినవ్? క్లయింట్ చూస్తె పరేషాన్ చేస్తడు” అంటూ వచ్చి, మా ఇద్దరి ముఖాలు చూసి ఆగిపోయాడు. సంగతి నేను చెప్పాను. అతను నమ్మలేదు. లోపలికి వెళ్లి, నా కుర్చీలో కూర్చుని, పదకొండు నిమిషాలూ విన్నాడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతులవైపు చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. గోడకేసి చూస్తూ అన్నాడు:

“ఆ పేషెంట్ నంబర్ గిట్ల ఏదీ మనకొద్దు. అది ఆమెది. కానీ రోగం పేరు ఎవ్వని సొంతం కాదు గదా. రాసుకో.” చొక్కా జేబులోంచి తన పెన్ను తీసి ఆమెకిచ్చాడు. కాగితం దొరక్క తన బస్సు టికెట్టే ఇచ్చాడు.

ఆ టికెట్టు వెనకాల లోవలక్ష్మి జబ్బు పేరూ, చెడిన రిసెప్టర్ పేరూ రాసింది. ఆ రిసెప్టర్‌ని సి-ఎక్స్-సి-ఆర్-ఫోర్ అంటారు. అక్షరాలు వంకరగా పడ్డాయి.

పులిపిర్లు కాల్చే డాక్టరుకి చూపిస్తే ఆయన నవ్వాడు. “నెట్టులో చూసి వచ్చారా?” అన్నాడు. న్యుమోనియాకి మందులిచ్చే ఆయన పాత రిపోర్టులన్నీ బల్లమీద పరిచి, “పద్నాలుగుసార్లు రక్తం చూశాం. కణాలు ఎప్పుడూ సరిగ్గానే ఉన్నాయి. అనవసరంగా భయపడకండి” అని పంపేశాడు. మూడోచోటికి నేను కూడా వెళ్లాను. వెస్ట్ మారేడ్‌పల్లిలో డాక్టర్ వసుధ అని రక్తపు జబ్బులు చూసే ఆవిడ. యాభై ఏళ్లుంటాయి. ఆవిడ కూడా ముందు ఆ పద్నాలుగు రిపోర్టులే తిరగేసింది.

“అన్నీ నార్మలే ఉన్నయి కదమ్మా.”

“అన్నీ జ్వరంలో ఉన్నప్పుడు తీసినవే మేడమ్” అంది లోవ. “బాగున్నప్పుడు ఎవరూ తీయలేదు. బాగున్నప్పుడు నేను ఆస్పత్రికి ఎందుకొస్తాను?”

వసుధ కళ్లజోడు తీసింది. రిపోర్టుల మీది తేదీలు ఒక్కొక్కటీ మళ్లీ చూసింది. “ఇప్పుడు ఎట్లున్నది? జ్వరం, దగ్గు?”

“ఏమీ లేవు. ఆరు వారాలనుంచి బాగున్నాను.”

అప్పటికప్పుడే రక్తం తీయించింది. గంట తర్వాత కాగితం వచ్చింది. దాన్ని చూసి వసుధ ల్యాబుకి ఫోన్ చేసి, శాంపిల్ మారిపోయిందా అని అడిగింది. రెండోసారి తీయించింది. అదే వచ్చింది. మామూలు మనిషికి కనీసం నాలుగు వేలు ఉండాల్సిన తెల్లకణాలు ఈమెకి తొమ్మిది వందలు. వాటిలో సూక్ష్మక్రిముల్ని ముందుగా ఎదుర్కొనే రకం నూట యాభై కూడా లేవు.

“ఇన్ని కణాలతోని నువ్వు బస్సెక్కి పనికి పోతున్నవా?” అంది వసుధ. డాక్టరు గొంతు కాదది. ఇంట్లో పెద్దావిడ గొంతు.

వారం తర్వాత తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు. నేను బయట బెంచీమీద కూర్చున్నాను. లోవ వాళ్ల అమ్మ గవరమ్మగారు నా పక్కన, ఒళ్లో చేతిసంచీ గట్టిగా పట్టుకుని ఉంది. లాలాగూడ రైల్వే బళ్లో ఆయాగా చేసేది. పొద్దుటి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది.

వసుధ మైక్రోస్కోపు గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక మా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“నేను ఖాళీగా ఉంటదనుకున్న. రక్తంల కణాలు లేవంటే మజ్జల తయారైతలేవని అర్థం. ఎవరైనా అట్లనే అనుకుంటరు. ఈమెకు మజ్జ నిండా కణాలే ఉన్నయి. ఇసుకేస్తే రాలనట్టు ఉన్నయి. పాతికేండ్ల సర్వీసుల ఇట్లాంటిది నేను చూడలే.” లోవని లోపలికి పిలిచి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. తలుపు దగ్గర నిలబడి నేనూ చూశాను. ఆమె కన్ను ఆ గాజుకి ఆనించి, ఎంతసేపటికీ తీయలేదు.

“ఇవన్నీ నావేనా?”

“నీవే. బయటికి వస్తలేవు, అంతే.” వసుధ మెల్లగా చెప్పింది. కణాల్ని ఒకచోటికి పిలిచే పదార్థాలు ఒంట్లో ఉంటాయి. వాటిని కీమోకైన్లు అంటారు. ఆ పిలుపుని అందుకునేది కణం మీద ఉండే రిసెప్టర్. మజ్జలో ‘ఇక్కడే ఉండు’ అనే పిలుపు ఎప్పుడూ ఉంటుంది. కణం ముదిరాక దాని రిసెప్టర్ లోపలికి ముడుచుకుపోవాలి. అప్పుడు కణం రక్తంలోకి వెళ్లిపోతుంది. “నీ రిసెప్టర్ ముడుచుకుంటలేదు. కణాలు తయారైనా అక్కడే ఉండి, ముసలివై, అక్కడే సచ్చిపోతున్నయి.”

లోవ చేత్తో తుంటిమీద కట్టు తడుముకుంది. పుట్టినప్పటినుంచి తన ఒంట్లో సైన్యం ఉండి కూడా ఒక్కడూ గేటు దాటి రాలేదన్న సంగతి ఆమెకి ఒకేసారి మింగుడుపడలేదు. ఆ సాయంత్రం బస్టాపులో నాతో అంది: “లేవని తెలిసినా ఇంత భయం వేసేది కాదక్కా.”

జన్యువు పరీక్ష ఇక్కడ లేదు. వసుధ కావలసిన అనుమతులన్నీ తెచ్చి, విదేశంలో ఒక పరిశోధనశాలకి రక్తం పంపింది. ఆరు నెలలకి జవాబు వచ్చింది. జబ్బు అదే. రోగి పరీక్షకి రాకముందే తన జబ్బు పేరు తనే చెప్పడం వాళ్లకి కూడా కొత్త అట. ఎలా తెలిసిందని అడుగుతూ రెండు లైన్లు రాశారు. “చెవిన పడింది” అని రాయమంది లోవ. వసుధ అలాగే రాసింది.

ఆ జవాబులోనే ఇంకో సంగతి ఉంది. ఇది చాలావరకు తల్లిదండ్రుల్లో ఒకరినుంచి వస్తుంది. వసుధ గవరమ్మగారిని పిలిపించింది. ఆవిడ చేతులు చూసింది. నీళ్లలో నాని నాని తెల్లబడిన చేతులు. ఒక్క పులిపిరి లేదు. రక్తంలో కణాలూ సరిగ్గా ఉన్నాయి.

“మరి నాన్నగారు?”

గవరమ్మగారు నేలచూపులు చూసింది. ఆయన పేరు దేముడుబాబు. తుని దగ్గర పల్లెటూరివాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉద్యోగం దొరికి లాలాగూడ వచ్చాడు. లోవకి ఐదేళ్లప్పుడు, 1982లో, ముప్పై ఒక్కటో ఏట న్యుమోనియాతో పోయాడు. ఇంతవరకు లోవకి తెలుసు.

“ఆయన చేతులు ఎట్లుండేవమ్మా?”

“ఉండీవండి. దీనికున్నట్టే. ఇంజిను నూనె వల్ల అనుకునీవోల్లం.” తర్వాత, ఎవరూ అడగకుండానే, ఇంకో మాట చెప్పింది. “ఆయన రోగంతో పోలేదండి. నానే సంపేసినాను.”

లోవ ఉలిక్కిపడి తల్లివైపు తిరిగింది.

“దీపాలపండగనాడు పొద్దున్న కూసింత దగ్గు ఉన్నాదండి. ఒద్దంటే కూడా నూనె రాసి తలంటు పోసేసినాను. సన్నీళ్లు కలిపేసినాను, నీళ్లు మరీ కాగిపోనాయని. నాలుగో రోజుకి మనిసి లేడు. శవం కాడ మా అత్త నా జుట్టు పట్టుకుని, నా కొడుకుని నీళ్లు పోసి సంపేసినావే అన్నాది. మా బావగారు లోవరాజు పక్కనే ఉన్నారు. కాదని ఒక్క మాట అన్నేదు. ఆరోజు నుంచి ఆ ఇంటికీ మాకూ రాకపోకల్లేవు. నిజమే గదండీ. నీళ్లు పోసింది నానే గదా.”

లోవకి అప్పుడు ఒక్కసారిగా అర్థమైంది. ఆరో ఏటనుంచి తన తల తనే ఎందుకు రుద్దుకుందో, పండగ పొద్దున్న తల్లి ఎందుకు పని ఉందని బడికి వెళ్లిపోయేదో. ఇరవై రెండేళ్లు ఒకే గదిలో పడుకున్న తల్లి సంగతి ఒక క్లినిక్‌లో, పరాయి డాక్టరు ముందు తెలిసింది.

వసుధ తన కుర్చీ వదిలి వచ్చి గవరమ్మగారి పక్కన కూర్చుంది. “చూడమ్మా. మీ ఆయనకి రోగంతోని కొట్లాడే కణాలు రక్తంల లేకుండె. మీ బిడ్డకి లేనట్టే. నీళ్లు పోసినా పోయకున్నా ఆ న్యుమోనియా ఆగేది కాదు. నీళ్లతోని మనిషి చావడు.”

గవరమ్మగారు ఏడుస్తుందనుకున్నాం. ఆవిడ ఏడవలేదు. కుర్చీలో బిగుసుకుపోయింది. తర్వాత అరచేత్తో బల్లమీద కొట్టింది. పెన్నుల డబ్బా కిందపడి పెన్నులన్నీ దొర్లాయి.

“ఆ ముసల్దాన్ని ఎలగ అడగాలండి ఇప్పుడు? సచ్చిపోనాదే! పదేళ్లయిపోనాది సచ్చి!”

ఆ కోపం వారాల తరబడి తగ్గలేదు. నిర్దోషినని తెలిస్తే మనసు తేలికపడుతుందని నేను అనుకునేదాన్ని. ఆవిడని చూశాక ఆ నమ్మకం పోయింది. వంట చేస్తూ చేస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయేదట. అన్నం ముందు కూర్చుని, “ఇరవై రెండేళ్లు” అని లేచిపోయేదట.

ఈలోగా లోవకి వైద్యం మొదలైంది. మజ్జలోంచి కణాల్ని బయటికి తోసే ఇంజెక్షన్ హైదరాబాద్‌లోనే తయారవుతోందని వసుధ చెప్పింది. వారానికి రెండు. మొదటి డోసు తర్వాత ఎముకలు లోపలినుంచి పగులుతున్నట్టు నొప్పి వచ్చి, లోవ ఆఫీసు బాత్రూంలో గోడ పట్టుకుని అరగంట నిలబడింది. డోసు తగ్గించారు. రోగనిరోధక శక్తి కోసం వేరే మందు నెలకోసారి నరంలోకి ఎక్కించేవారు. పులిపిర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. జ్వరాలు మాత్రం తగ్గుముఖం పట్టాయి.

వసుధ ప్రతిసారీ ఒక మాట అడిగేది: “నాన్నగారి తరఫువాళ్లకు చెప్పిన్రా?”

“నా గొంతులో ప్రాణముండగా ఆ ఇంటికి కబురెట్టను” అనేది గవరమ్మగారు.

2005 వానాకాలంలో పర్వతాలు అనే రైల్వే గ్యాంగ్‌మన్ సెలవు ముగించుకుని తునినుంచి లాలాగూడ వచ్చాడు. అతనిదీ దేముడుబాబుగారి ఊరే. కాలనీ పంపు దగ్గర మాటల్లో, లోవరాజు కూతురు నూకరత్నాన్ని బడి మాన్పించేశారని చెప్పాడు. పదిహేనేళ్ల పిల్ల. చెవిలోంచి చీము కారుతోందట. చేతులు చూసి పక్కన కూర్చోడానికి పిల్లలు ఒప్పుకోవటం లేదట.

గవరమ్మగారు సగం నిండిన బిందె పంపుకిందే వదిలేసి ఇంటికి వచ్చింది. లోవ అప్పుడే ఆఫీసునుంచి వచ్చింది. తల్లి ట్రంకుపెట్టె తెరిచి, రిపోర్టులన్నీ తీసి, చేతిసంచీలో పెట్టుకుంటోంది.

“ఎక్కడికమ్మా?”

“తుని.”

“నేనూ రానా?”

“నువ్వొద్దు. వొళ్లు పాడైపోద్ది. సంతకాలున్న కాయితం ఏదో అదొక్కటి నాకు సూపించు, నాకు ఇంగ్లీసు రాదు.”

ఆ ఇంటి గుమ్మంలో ఏం జరిగిందో గవరమ్మగారు తర్వాత ఒక్కసారే చెప్పింది. లోవరాజు మొదట తలుపు తీయలేదు. ఈవిడ అరుగుమీద కూర్చుని, లోపలికి వినబడేలా, “బావగారూ, మీ తమ్ముడి సంగతి మాటాడ్డానికి రాలేదు. మీ పిల్ల సంగతి” అని కేకేసింది. రెండుసార్లు అరిచాక పిల్లే తలుపు తీసింది. తన కూతుర్ని పదిహేనో ఏట మళ్లీ చూసినట్టయి గుమ్మం పట్టుకుని నిలబడిపోయానని చెప్పింది.

నాలుగోరోజు ముగ్గురూ సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగారు. నేనూ లోవా వెళ్లాం. లోవరాజు అరవై దాటిన మనిషి, భుజం మీది తువ్వాలు చేతులకి చుట్టుకుని ఉన్నాడు. ఎందుకో లోవకి అర్థమైంది. దగ్గరికి వెళ్లి, “పెదనాన్నా, చేతులు చూపించండి” అంది. ఆయన చూపించలేదు. ఆమె తన గ్లౌజులు తీసేసింది. ఆయన ఆ చేతులవైపు చూసి, రైలు దిగే జనం మధ్యలో, ప్లాట్‌ఫారం మీద కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు విప్పాడు. నాలుగైదు పులిపిర్లే. కానీ అవే.

నూకరత్నం మాత్రం లోవ చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. “అక్కా, నీకూనా?” అంది. తన మీద తప్ప ఇన్ని ఇంకెవరి మీదా ఉండవనుకున్న ఇంకో మనిషి.

క్లినిక్‌లో వసుధ అంతా వివరించింది. లోవరాజు ఒక చెవి ముందుకు పెట్టి విన్నాడు. చివరికి అడిగాడు:

“అయితే మా తమ్ముడు... నీళ్ల వల్ల కాదాండి?”

“కాదు.”

ఆయన గవరమ్మగారివైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. గదిలో అందరం ఎదురుచూశాం. నిజం చెప్పాలంటే నాకు ‘తప్పయింది’ అన్న ఆ ఒక్క మాట వినాలని ఉంది.

గవరమ్మగారు ఆయన్ని చెప్పనివ్వలేదు. “ముందు పిల్లకి రక్తం తియ్యండి” అంది నర్సుతో.

నూకరత్నానికి కణాలు ఎనిమిది వందలు. లోవరాజుకి పదమూడు వందలు. ఆయన అంతకాలం ఎలా బతికాడో వసుధ చెప్పలేకపోయింది. ఒకే లోపం ఒకే ఇంట్లో ఒకరిని ముప్పైలో తీసుకుపోతుంది, ఇంకొకరిని అరవై దాటనిస్తుంది, ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదంది.

పిల్ల లాలాగూడ క్వార్టర్‌లోనే ఉండిపోయింది. వైద్యం ఇక్కడే, పదో తరగతి పూర్తిచేసి ఇంటర్మీడియట్ ఇక్కడే. ఆమెని కాలేజీలో చేర్పించడానికి గవరమ్మగారే వెళ్లింది. చేతులకేమైందని అడిగిన గుమాస్తాకి, “రిసెప్టర్ పాడైపోనాది” అని చెప్పిందట. అతను ఇంకో ప్రశ్న వేయలేదట. లోవరాజు నెలకోసారి తునినుంచి వచ్చి, క్లినిక్ బయట బెంచీమీద గవరమ్మగారికి కాస్త ఎడంగా కూర్చునేవాడు. ఆ మాట ఆయన ఎప్పటికీ అనలేదు. 2007లో పోయాడు. గవరమ్మగారు వెళ్లి, పదకొండు రోజులూ ఉండి వచ్చింది.

ఆ ఏడే వసుధ ఒక వింత సంగతి చెప్పింది. ఎయిడ్స్ వైరస్‌లో కొన్ని రకాలు కణంలో జొరబడటానికి ఇదే రిసెప్టర్‌ని వాడుకుంటాయి. దాన్ని మూసేసే మందొకటి కనిపెట్టి, ప్రమాదం ఉందా లేదా అని ముందు ఆరోగ్యవంతులకి ఇచ్చి చూశారు. కొద్ది గంటల్లో వాళ్ల రక్తంలో తెల్లకణాలు అమాంతం పెరిగాయి. పరీక్షించినవాళ్లు హడలిపోయారట. తర్వాత అర్థమైంది, రిసెప్టర్ మూతపడగానే మజ్జలో కణాలన్నీ బయటికి వచ్చేశాయని. ఎయిడ్స్‌కి ఆ మందు కలిసిరాలేదు. క్యాన్సర్ రోగులకి మజ్జలోని మూలకణాలు బయటికి తీయడానికి పనికొస్తుందని ఇప్పుడు ఆ దారిలో నడుపుతున్నారు.

“అంటే నాకు కావలసిన మందుని, నేనున్నానని కూడా తెలియకుండా తయారుచేశారా?” అంది లోవ. ఆమె గొంతులో సంతోషం లేదు, కోపం లేదు.

2008 చివర అమెరికాలో ఆ మందుకి అనుమతి వచ్చింది, వేరే జబ్బుకి. మా లోవలాంటివాళ్లకి ఇచ్చి చూడాలంటే ఇంకా పరీక్షలు కావాలి. ఇక్కడికి రావడం మరీ దూరం. అదే సమయంలో అక్కడి మాంద్యం మా ఆఫీసుని మింగేసింది. రాఘవేందర్ మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, “మాఫ్ చేయుండ్రి” అన్నాడు. నేను ఇంట్లో కూర్చున్నాను. లోవకి మాత్రం, కొత్త మందులు మనుషుల మీద పరీక్షించే ఒక సంస్థలో పని దొరికింది. మందు వేసుకున్నవాళ్లకి ఏం తేడా చేసిందో డాక్టర్లు పంపే రిపోర్టులు చదివి నమోదు చేయాలి. ఇంటర్వ్యూలో గ్లౌజులు వేసుకోలేదట.

ఈ జనవరిలో ఆమెతో కలిసి వసుధ దగ్గరికి వెళ్లాను. ఫైలు తెరిచి ఎప్పటిలాగే అడిగింది డాక్టరు: “ఆఖరుసారి జ్వరం ఎప్పుడొచ్చింది?”

లోవ చెప్పబోయి ఆగింది. సంక్రాంతి అంది. కాదు, అది నూకరత్నానికి అంది. వానల్లో అంది. వానల్లో తల్లికి వచ్చింది. వేళ్లు మడుస్తూ వెనక్కి వెనక్కి వెళ్లి, నిరుడు జనవరి దాటింది, దసరా దాటింది. లెక్క మధ్యలో ఆమె చేయి ఆగిపోయింది. నేను భయపడి భుజం పట్టుకున్నాను.

“మేడమ్,” అంది, “ఆఖరి జ్వరం నాకు గుర్తు రావటం లేదు.”

వసుధ పెన్ను కింద పెట్టి ఆమెనే చూసింది. బయట నర్సు తర్వాతి పేషెంటు పేరు పిలుస్తోంది. ముగ్గురం ఎవరూ లేవలేదు.